సాయవ్వ రొట్టెకు పట్టిన బూజు

బోథ్ చుట్టుపక్కల జొన్నరొట్టె చెయ్యడం రాని ఆడమనిషి లేదు. అయినా బంతిలో కూర్చుని "సాయవ్వ చేసిందెయ్యి" అని పేరు పెట్టి అడిగి వేయించుకునే రొట్టె మా ఊరు మొత్తానికి ఒక్కటే. మెథడిస్టు సంఘంలో పెండ్లి అయినా, ఈస్టర్ భోజనాలైనా పిండి తడిపేది సాయవ్వే. మిగతా ఆడవాళ్లు ఆమె చుట్టూ కూర్చుని పొయ్యి ఎగదోస్తారు, కాలిన రొట్టెలు గంపలో సర్దుతారు, లోలోపల కుళ్లుకుంటారు. సాయవ్వకు చదువు లేదు, పొలం లేదు, మొగుడు పోయి చాలా కాలమైంది. ఆమెకున్న ఆస్తి ఆ పేరే. దాన్ని ఆమె కంటికి రెప్పలా కాపాడుకునేది.

ఆ పేరు మీదికి మమతారాణి సంచులు తెచ్చింది.

మమతారాణి మెట్‌పల్లి పిల్ల. పవర్‌లూమ్ సాంచెల మీద బట్ట నేసే పర్శరాములు కూతురు. కరీంనగర్‌లో గది తీసుకుని ఉంటూ, తిండి చెడిపోకుండా నిలవ ఉంచే సంచుల మీద పరిశోధన చేస్తోంది. చేస్తోంది అంటే ఏళ్ల తరబడి చేస్తూనే ఉంది. "గీ యేడు మా బిడ్డ డాక్టరయితది" అని పర్శరాములు సాంచెల చప్పుడును మించిన గొంతుతో ప్రతి ఏడూ చెప్తున్నాడు. వినేవాళ్లు మొదట్లో సంతోషించారు, తర్వాత తలలూపారు, ఇప్పుడు "ఏ రోగానికి డాక్టరు?" అని అడుగుతున్నారు. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు ఆ ఎండాకాలంతో సరి. ఆలోపు థీసిస్ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. మిగిలింది ఒక్క అధ్యాయం. మామూలు ఇళ్లలో, మామూలు వంటింట్లో కూడా తన సంచి పనిచేస్తుందని చూపించాలి.

ఆ సంచి చూడటానికి కాస్త పసుపు రంగు తిరిగిన ప్లాస్టిక్ కవరు, అంతే. కాని దానిలో వెండి ఉంది. కంటికి కనపడే వెండి కాదు. వెంట్రుక మందంలో వేల రేణువులు పక్కపక్కన పట్టేంత సన్నగా చేసిన వెండి. నానో రేణువులంటారు. వాటి నుంచి కొంచెం కొంచెంగా ఊరే వెండి బూజునూ సూక్ష్మక్రిములనూ పెరగనివ్వదు. దీన్ని మమతారాణి అంతకుముందు చెన్నూరులో చక్కగా, అందరికీ అర్థమయ్యేలా వివరించింది. అందరికీ అర్థమైంది. మళ్లీ వెళ్లి చూసేసరికి ఒక్క సంచీ లేదు. వెండి తీద్దామని మూకుట్లో వేసి కాల్చేశారు. నల్లటి ముద్ద మిగిలితే, మేడమే మోసం చేసిందని తిట్టారు.

ఆ దెబ్బతో ఆమె గైడ్ ప్రొఫెసర్ చక్రధర్ గట్టిగా చెప్పారు. "ఇకమీదట ఎవరికీ ఏమీ చెప్పకమ్మా. ఏ సంచి ఏమిటో, ఏం జరగాలని చూస్తున్నామో తెలియకూడదు. తెలిస్తే ఫలితం పాడవుతుంది." మాట సబబుగానే ఉంది. సైన్సులో అలాగే చేస్తారు. మా ఊరివాళ్లకు ఏమీ చెప్పకపోతే ఏం పాడవుతుందో మాత్రం సైన్సుకు తెలియదు.

అందుకని మమతారాణి బోథ్ దగ్గరి మా ఊరికి వచ్చి, మా గుడి, అంటే మెథడిస్టు చర్చి, పాస్టరు యెషయా గారి సాయంతో ఆరు ఇళ్లు ఎంచుకుంది. ఒక్కో ఇంటికి రెండు సంచులు ఇచ్చింది. ఒకటి పసుపుది, ఒకటి తెల్లది. తెల్లది బజారులో దొరికే మామూలు ప్లాస్టిక్. తేడా తెలియడానికి పక్కన అది ఉండాలి. ఎవరింట్లో వాళ్లు రొట్టెలు చేసి, చల్లార్చి, రెండింట్లోనూ వేసి, నోరు నొక్కి మూసి గూట్లో పెట్టాలి.

"మల్ల నేనొచ్చి విప్పేదాంక సంచులు ముట్టద్దు అవ్వా," అంది మమతారాణి.

"వచ్చి ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగింది సాయవ్వ.

"గుడి హాల్ల అందరి ముందట విప్పి చూస్తం. మా సారు గూడ వస్తడు."

లెక్క తప్పకూడదని ప్రతి సంచి మీదా ఆ ఇంటి ఆడమనిషి పేరు పెద్ద అక్షరాలతో రాసి అతికించింది. పాపం, అక్కడే ఆమె కొంప మునిగింది. కరీంనగర్‌లో అది గుర్తు కోసం అతికించే చీటీ. మా ఊళ్లో పేరు రాసి పదిమందిలో విప్పే వంటకం అంటే పోటీ. ఎవరి చెయ్యి మంచిది, ఎవరి చెయ్యి మురికిది అనే పంచాయితీ. ఆరుగురు ఆడవాళ్లకూ ఆ క్షణంలోనే ఆ సంగతి అర్థమైపోయింది. మమతారాణికి ఒక్కదానికే అర్థం కాలేదు.

కొన్నాళ్లకు సాయవ్వ గూట్లోని తెల్ల సంచిలో రొట్టె అంచు మీద పచ్చటి మచ్చ కనిపించింది. మర్నాటికి అది అరచేతంత అయ్యింది. పసుపు సంచిలో రొట్టె శుభ్రంగా ఉంది. బయటివాళ్లయితే సంచిలో తేడా ఉందనుకునేవారు. సాయవ్వ మాత్రం తన చేతులు చూసుకుంది. పిండి పాతదా? నీళ్లు కాగలేదా? తెల్ల సంచిలోకి వేసిన రొట్టెలు ఏ గిన్నెలో పెట్టాను? ఇలా తనమీద తానే విచారణ పెట్టుకుంది.

మనసాగక పక్కింటి సత్తమ్మ దగ్గరికి వెళ్లి, నిప్పు అడిగినంత తేలిగ్గా, "నీ రొట్టెలెట్లున్నయే?" అంది.

"గూట్ల చూడు," అంది సత్తమ్మ.

రెండు సంచులూ శుభ్రంగా ఉన్నాయి. తెల్ల సంచిలో రొట్టె అయితే అప్పుడే పెనం మీది నుంచి దిగినట్టుంది. అంటే ఊరందరిలో తన రొట్టే చెడిందన్నమాట. ఆ రొట్టె నిజంగానే పొద్దున్నే పెనం మీది నుంచి దిగిందని ఆమెకు తోచలేదు. తనకంటే ముందే సత్తమ్మ తెల్ల సంచి విప్పి, బూజు రొట్టె బర్రెకు వేసి, కొత్తది పెట్టేసిందని ఆమె ఎలా ఊహిస్తుంది? అసలు ఆరిళ్లలోనూ అదే జరుగుతోంది. ప్రతి ఇంట్లోనూ తెల్ల సంచిలో బూజు పడుతోంది, ప్రతి ఆడదీ అది తన ఒక్క ఇంటి అవమానమే అనుకుని కొత్త రొట్టె మారుస్తోంది, మారుస్తూ పక్కింటికి వెళ్లి చూసి ఇంకా కుంగిపోతోంది. వెండి ఎంత బాగా పనిచేస్తోందో ఆరిళ్లలోనూ రుజువవుతూనే ఉంది. ఆ రుజువును బర్రెలు తింటున్నాయి.

సాయవ్వ తెల్ల సంచి విప్పుతుంటే కోడలు లిడియా చూసింది.

"అత్తా, మేడమ్ సంచి ముట్టద్దన్నది గదా?"

"సంచి ముట్టద్దన్నది. రొట్టె ముట్టద్దన్నదా?" అంది సాయవ్వ. "నువ్వు ఎవలకు చెప్పకు. నా పేరు వోతది."

లిడియా చెప్పలేదు. మమతారాణి ఫోన్ చేసి "సంచులు ఎట్లున్నయి అవ్వా?" అని అడిగినప్పుడల్లా సాయవ్వ "మంచిగున్నయి బిడ్డా, ఫికర్ జెయ్యకు" అంటూ వచ్చింది. ఫికర్ చెయ్యాల్సిన మాట అదేనని ఆ పిల్లకు తెలియలేదు. మంచిగున్నయి అంటే ఎవరూ ముట్టలేదని అర్థం చేసుకుంది.

విప్పే రోజున ప్రొఫెసర్ చక్రధర్ కారులో వచ్చారు. ఈయన గురించి ఒక మాట చెప్పాలి. ఒకప్పుడు నానో అంటే ప్రాణం పెట్టిన మనిషే. ఈమధ్య గాలి పూర్వీకుల వైపు మళ్లింది. ఏ సభకు పిలిచినా, మన అమ్మమ్మలకు తెలియని సైన్సు లేదని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. చెప్పేవాడు అమ్మమ్మ మాట ఎన్నడైనా చెవిన పెట్టాడా అని అడిగే ధైర్యం సభల్లో ఎవరికీ ఉండదు.

గుడి హాల్లో బల్ల మీద సంచులు వరసగా పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. ఆరుగురు ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మమతారాణి మొదట సాయవ్వ పసుపు సంచి విప్పింది. రొట్టె గట్టిపడి పెంకులా ఉంది, కాని ఒక్క మచ్చ లేదు. ఆమె ముఖం విప్పారింది. వెంటనే సాయవ్వ తెల్ల సంచి విప్పింది. దాన్లోంచి కమ్మటి జొన్న వాసన హాలంతా వ్యాపించింది.

ప్రొఫెసర్ గారు లేచి వచ్చి ఆ రొట్టెను రెండు వేళ్లతో పట్టుకుని మడిచారు. విరగలేదు.

"అద్భుతం! ఇన్నాళ్లయినా ఇంత మెత్తగా ఉందే!"

"సర్, ఇది వెచ్చగా ఉంది," అంది మమతారాణి.

"ఎండాకాలం కదమ్మా."

సత్తమ్మ తెల్ల సంచి లోపలివైపు ఆవిరి చుక్కలు కట్టి ఉన్నాయి. "తేమను ఎలా పట్టి ఉంచుకుందో చూడు," అన్నారాయన. ఆరిళ్ల సంచులూ విప్పడం అయ్యేసరికి ఆయన కుర్చీలో కూర్చోలేకపోతున్నారు. వెండి సంచిలో రొట్టె పెంకు, మామూలు సంచిలో పువ్వు. "సంచిలో ఏముందమ్మా, అంతా ఈ తల్లుల చేతిలో ఉంది!" అని గట్టిగా అన్నారు. హాలు చప్పట్లతో మోగింది. ముందు వరసలో ఆరుగురు ఆడవాళ్లూ కొంగులు సర్దుకున్నారు.

మమతారాణికి అంతా అర్థమైపోయింది. ఏళ్ల చదువు ఆ వేడి రొట్టె ఆవిరిలో కలిసిపోయింది. గుడి వెనక నల్లా దగ్గరికి వెళ్లి, ముఖం కడుక్కునే నెపంతో ఏడ్చింది. సాయవ్వ వెనకాలే వచ్చింది.

"ఏమాయె బిడ్డా? మా రొట్టెలు మంచిగున్నయన్నడు గదా మీ సారు?"

"అవి మంచిగుంటే నా బతుకు ఖరాబైనట్టే అవ్వా. తెల్ల సంచిలది బూజు పట్టాలె. పసుపు సంచిలది పట్టద్దు. గప్పుడే నా సంచి పనిజేస్తున్నట్టు. గీ ఎండకాలం దాటితే నా పేరు తీసేస్తరు. మా బాపు నలుగుర్ల తలెత్తుకోలేడు."

సాయవ్వ నల్లా గట్టు మీద కూలబడింది. "బూజు పట్టాల్నా? ముందుగల్ల చెప్పద్దా?"

"ఇంటికొచ్చి, మీ రొట్టె చెడిపోవాలె అని ఎట్ల చెప్తరవ్వా?"

ఆ మాటా నిజమే. సాయవ్వ కళ్ల ముందు ఈస్టర్ బంతి కదిలింది, ముందు వరస ఆడవాళ్లు కదిలారు. ఎదురుగా పిల్ల వెక్కుతోంది. ఆమె లేచి, కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచి, చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చింది.

మా సంఘంలో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. దేవుడు తనకు చేసిన మేలు గురించి ఎవరికి వాళ్లు లేచి నిలబడి చెప్తారు. మేలు గురించే చెప్తారు, తప్పుల గురించి చెప్పేవాళ్లు తక్కువ. సాయవ్వ సాక్ష్యం చెప్పే చోటుకు వెళ్లి నిలబడింది.

"దేవుని ముందట చెప్తున్న. నా రొట్టెకు బూజు పట్టింది. పచ్చగ పట్టింది. నేనే తీసేసి కొత్తది పెట్టిన. ఒక్కసారి గాదు, మస్తు సార్లు పెట్టిన. పొద్దుగాల పెట్టిందే మీరు చూసింది. పసుపు సంచిలది మాత్రం ముట్టలే, అది పాతదే. గీ బిడ్డ సంచి మంచిది. అందరియి మంచిగున్నయంటే నా చెయ్యే మంచిది గాదు."

మా సాయవ్వ నోట ఆ మాట వినాల్సి వస్తుందని ఎవరమూ అనుకోలేదు. నాకైతే లేచి వెళ్లి ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. వెళ్లలేదు, అది వేరే సంగతి.

ప్రొఫెసర్ గారు చేతులు జోడించారు. కళ్లు చెమర్చాయి కూడా.

"చూశారా వినయం! ఒక ఆడపిల్ల బాధపడుతోందని తన విద్యనే కాదనుకుంటోంది ఈ తల్లి. ఇదీ మన సంస్కృతి."

"సర్, ఆమె నిజమే చెప్తోంది," అంది మమతారాణి.

"నువ్వు అలాగే అంటావమ్మా. నీ సంచి కదా," అని ఆయన నవ్వారు.

అప్పుడు లిడియా లేచింది. ఆ పిల్ల ఎన్నడూ పదిమందిలో నోరెత్తి ఎరగదు. "మా అత్త అబద్ధం చెప్తలేదు సార్. రొట్టెకు బూజు పట్టింది. నేను కండ్లార చూసిన," అంది.

ప్రొఫెసర్ గారు ఈసారి పకపకా నవ్వారు. "కోడలు గారా? అత్తగారి రొట్టె గురించి కోడలు ఇంకేం చెప్తుంది?" అన్నారు. హాలంతా గొల్లుమంది. లిడియా ముఖం ఎర్రగా చేసుకుని కూర్చుంది. మమతారాణి మిగతా అయిదుగురి వైపు ఆశగా చూసింది. ఒక్కరు లేచి "మా ఇంట్ల గూడ" అంటే చాలు. సత్తమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తోంది. ఒకామె చంకలో బిడ్డ ముక్కు తుడుస్తోంది. ఎవరూ లేవలేదు.

ప్రొఫెసర్ గారి కారు ఊరు దాటింది. సాయవ్వ మాటను నమ్మాల్సిన ఒక్క మనిషీ నమ్మకుండా వెళ్లిపోయాడు. నమ్మకపోయినా ఫర్వాలేని ఊరంతా అప్పటికప్పుడే నమ్మేసింది. "సాయవ్వ రొట్టెకు బూజట" అనే మాట ఆమెకంటే ముందే ఆమె వాడకు చేరింది. ఆ ఈస్టర్ భోజనాలకు పిండి తడిపే పని సత్తమ్మకు వెళ్లింది. సత్తమ్మ అందరికీ వినపడేలా, "నాయి మాత్రం మంచిగనే ఉండె" అంటూ తడిపింది. సాయవ్వ బంతిలో మంచినీళ్లు పోసింది.

మమతారాణి సంగతి ఇంకోలా తేలింది. ప్రొఫెసర్ గారు ఆమెను పిలిచి, థీసిస్ పేరు మారిస్తే ఆ నెలలోనే సంతకం పెడతానన్నారు. బోథ్ ప్రాంత మహిళల సంప్రదాయ రొట్టె నిలవ నైపుణ్యం అనేది కొత్త పేరు. వెండి సంచులు దాన్లో ఒక మూలకు ఉంటాయి, సంప్రదాయం ముందు వెండి ఎలా వెలవెలబోయిందో చూపించడానికి. లేదా పాత పేరే ఉంచుకుని, పట్టా లేకుండా ఇంటికి పోవచ్చు. మమతారాణి మెట్‌పల్లి వెళ్లింది. సాంచెల దగ్గర బాపు ఎవరికో "గీ యేడు ఖాయం" అని చెప్తుంటే విన్నది. తిరిగి వచ్చి పేరు మార్చింది. ఆమెను తప్పుపట్టే మనసు నాకు రావడం లేదు, మెచ్చుకునే మనసూ రావడం లేదు.

పట్టా వచ్చాక యెషయా గారు ఆమెను పిలిచి గుళ్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. మన ఊరి రొట్టెతో ఒక ఆడబిడ్డ డాక్టరయిందంటే చిన్న విషయమా? పర్శరాములు కూడా ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు కూర్చున్నాడు. రెండు మాటలు చెప్పమంటే మమతారాణి లేచింది. వెనక, తలుపు దగ్గర, నీళ్ల బిందె పక్కన కూర్చున్న సాయవ్వ కనిపించింది. రొట్టెల పని పోయి నీళ్లు పోసే పని ఆమెకు మిగిలిందని ఆ పిల్లకు అర్థమైంది. తన కోసం పోగొట్టుకున్న పేరును ఎలాగైనా తిరిగి ఇవ్వాలనిపించింది. ఇప్పుడు తను డాక్టరు. తన మాటకు విలువ ఉంటుంది.

"నేను అన్ని తీర్ల పరీక్ష చేసి చెప్తున్న," అంది గట్టిగా. "సాయవ్వ రొట్టెకు బూజు పట్టదు. ఎన్నడు పట్టలే."

చప్పట్లు మోగాయి. అందరూ వెనక్కి తిరిగి సాయవ్వను చూశారు. సత్తమ్మ తల దించుకుంది. వచ్చే ఈస్టర్‌కు పిండి ఎవరు తడపాలో ఆ చప్పట్లలోనే తేలిపోయింది. మమతారాణి నవ్వుతూ ఆమె దగ్గరికి నడిచి వెళ్లింది.

సాయవ్వ నవ్వలేదు.

"గట్లయితే, గీ గుళ్లె దేవుని ముందట నిలబడి నేను చెప్పింది అబద్ధమాయెనా బిడ్డా?" అని అడిగింది.

డాక్టర్ మమతారాణి నోరు తెరిచింది. ఈలోగా యెషయా గారు స్తుతి పాట ఎత్తుకున్నారు. అందరూ లేచి నిలబడి గొంతు కలిపారు. సాయవ్వ ఒక్కతే కూర్చుని ఉంది.